ఫిట్స్ మాత్రలకు తోడు గ్యాస్ మాత్ర మొదలైంది, నాన్న నడక తూలుతోంది. ఎవరికైనా ఇలా అయిందా?

నీలికలువ (చర్చ మొదలుపెట్టినవారు) | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 63 ఏళ్లు. పద్నాలుగేళ్లుగా ఫిట్స్‌కి ఫెనిటోయిన్ వాడుతున్నారు, రోజూ రాత్రి 300 మిల్లీగ్రాములు. ఆరేళ్లుగా ఒక్కసారి కూడా ఫిట్స్ రాలేదు. నెల క్రితం ఛాతీలో మంట, పుల్లటి తేన్పులు ఎక్కువయ్యాయని డాక్టర్‌కి చూపిస్తే ఒమెప్రజోల్ రాశారు, ఉదయం పరగడుపున ఒకటి. మంట అయితే తగ్గింది.

కానీ పది రోజులుగా మనిషి తేడాగా ఉన్నారు. నడుస్తూ నడుస్తూ పక్కకి తూలి గోడ పట్టుకుంటున్నారు. మాట ముద్దగా వస్తోంది. నిన్న పొద్దున చొక్కా వేసుకుంటుంటే పక్కనే ఉండి చూశాను. మొదటి గుండీ కాజాలో పెట్టడానికి నాలుగుసార్లు ప్రయత్నించి, చేత్తో తడుముకుని, చివరికి వదిలేశారు. "రెండు గుండీలు కనిపిస్తున్నాయమ్మా, ఏది నిజమో తెలియడం లేదు" అన్నారు. నాకు కాళ్లలో బలం పోయింది.

ఇంట్లో అందరూ వయసు మీద పడుతోంది అంటున్నారు. నాకేమో కొత్తగా మొదలైంది ఆ గ్యాస్ మాత్ర ఒక్కటే కదా అనిపిస్తోంది. ఫిట్స్ మందుకీ దానికీ సంబంధం ఉంటుందా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

తోడునీడ | సోమవారం, రాత్రి 9:58

ముందు ఒక్క విషయం చూసి చెప్పండి నీలికలువ గారూ. మూతి ఒక పక్కకి లాగిందా? ఒక చెయ్యి లేదా ఒక కాలు మాత్రమే బలహీనంగా ఉందా? ఇదంతా ఒక్కసారిగా మొదలైందా, మెల్లగా పెరుగుతూ వచ్చిందా? ఒక్కసారిగా, ఒక పక్కనే అయితే ఇక్కడ రాస్తూ కూర్చోకండి, వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. పక్షవాతం అయితే ప్రతి నిమిషమూ విలువైనదే.

నీలికలువ | సోమవారం, రాత్రి 10:06

లేదండి, మూతి బాగానే ఉంది. రెండు చేతులూ పైకెత్తమంటే సమానంగా ఎత్తారు. మెల్లగా పెరిగింది. మొదట కొంచెం మత్తుగా ఉంటున్నారు అనుకున్నాం, తర్వాత తూలడం, ఇప్పుడు మాట.

గట్టుమీద | సోమవారం, రాత్రి 10:15

ఫెనిటోయిన్ ఎక్కువైపోయినట్టుంది. మా బాబాయికి అలాగే అయ్యింది. రెండు రోజులు ఆ మాత్ర ఆపేసి చూడండి, తేలిగ్గా తెలిసిపోతుంది.

మందులమాటలు | సోమవారం, రాత్రి 10:22

గట్టుమీద గారూ, మీరు మంచి ఉద్దేశంతోనే చెప్పారు, కానీ ఆ సలహా మాత్రం ఎవరూ పాటించకండి. ఫిట్స్ మందు ఇంట్లో మన అంతట మనం ఆపేస్తే, ఆగకుండా ఒకదాని వెంట ఒకటి ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. దాన్ని స్టేటస్ ఎపిలెప్టికస్ అంటారు, ప్రాణం మీదికి వస్తుంది. మందు ఎక్కువైందన్న మీ అనుమానం నిజమే కావచ్చు. అయినా ఎంత తగ్గించాలి, ఎన్ని పూటలు ఆపాలి అన్నది రక్తంలో లెవెల్ చూసి డాక్టర్ చెప్పాల్సిందే.

నీలికలువ గారూ, నేను ఫార్మసిస్ట్‌ని. ఒక చిన్న పని చేయండి. నాన్నగారిని ఎదురుగా కూర్చోబెట్టి, తల కదపకుండా మీ వేలి వైపే చూడమనండి. వేలిని మెల్లగా ఒక పక్కకి జరపండి. కంటిపాప చివరికి వెళ్లాక నిలకడగా ఉందా, చిన్న చిన్న కుదుపులతో అదురుతోందా చూడండి.

నీలికలువ | సోమవారం, రాత్రి 10:31

అదురుతోంది. రెండు వైపులా. కుడి చివరికి వెళ్లగానే పాప టకటకా కొట్టుకుంటోంది. ఇన్నాళ్లు ఎదురుగానే ఉన్నా ఇది గమనించలేదు. భయంగా ఉందండి.

మందులమాటలు | సోమవారం, రాత్రి 10:54

భయపడకండి, కానీ ఆలస్యం చేయొద్దు. ఈ రాత్రికే మీ న్యూరాలజిస్ట్‌కి గానీ, వారు దొరక్కపోతే ఎమర్జెన్సీలోని డాక్టర్‌కి గానీ ఫోన్ చేసి చెప్పండి. ఇవాళ్టి ఫెనిటోయిన్ వేయాలా వద్దా అన్నది వాళ్లనే అడగండి. బాగా మత్తుగా ఉండి లేపితే లేవకపోయినా, వాంతులు అవుతున్నా, కింద పడి తలకి దెబ్బ తగిలినా ఫోన్లతో పని లేదు, నేరుగా తీసుకెళ్లండి. ఇవాళ మెట్లు ఎక్కనివ్వొద్దు, బాత్రూమ్‌కి ఒంటరిగా పంపొద్దు.

ఇక మీరు అడిగినదానికి వస్తాను. సంబంధం ఉంటుందా అంటే, ఉంటుంది. కళ్లు అదరడం, తూలడం, మాట ముద్దవడం, రెండుగా కనిపించడం, మత్తు, ఇవన్నీ ఫెనిటోయిన్ రక్తంలో ఎక్కువైనప్పుడు కనిపించే లక్షణాలే.

ఎందుకు ఎక్కువవుతుందో చెప్తాను. ఫెనిటోయిన్‌ని మన కాలేయంలోని కొన్ని ఎంజైములు విరగ్గొట్టి బయటికి పంపుతాయి. ఆ పనిలో పెద్ద భాగం సీవైపీ2సీ9 అనే ఎంజైముది, కొంత భాగం సీవైపీ2సీ19 అనే ఎంజైముది. ఒమెప్రజోల్, ఎసోమెప్రజోల్ ఆ రెండోదాన్ని అడ్డుకుంటాయి. మామూలుగా అయితే ఈ అడ్డంకి వల్ల పెద్ద తేడా రాదు. ఫెనిటోయిన్ వాడుతున్నవాళ్లకి ఎసోమెప్రజోల్ 40 మిల్లీగ్రాములు ఇచ్చినప్పుడు ఫెనిటోయిన్ కనిష్ఠ లెవెల్ (అంటే తర్వాతి డోసుకి ముందు రక్తంలో ఉండేది) సుమారు 13 శాతం పెరిగిందని ఆ మందు సమాచార పత్రంలోనే ఉంటుంది. పదమూడు శాతమే కదా అనిపిస్తుంది. ఫెనిటోయిన్ విషయంలో అలా అనుకోవడానికి లేదు.

ఒక నీళ్ల తొట్టి ఊహించుకోండి. పైన కుళాయి, అడుగున చిల్లు. మామూలు మందులకి నీళ్లు ఎంత ఎక్కువ పడితే చిల్లులోంచి అంత ఎక్కువ పోతాయి. ఫెనిటోయిన్‌కి అలా కాదు. ఒక స్థాయి దాటాక ఆ చిల్లు ఇక అంతకంటే ఎక్కువ వదలలేదు. కుళాయి కాస్త ఎక్కువ తిప్పినా, చిల్లుకి కాస్త అడ్డం పడినా తొట్టి నిండుతూనే ఉంటుంది. అందుకే డోసు కొంచెం పెంచితే లెవెల్ బాగా ఎగబాకడం ఈ మందులో తరచూ చూస్తాం. రక్తంలో ఉండాల్సింది మిల్లీలీటరుకి 10 నుంచి 20 మైక్రోగ్రాములు. ఎవరి లెవెల్ అయినా ముందే 17, 18 దగ్గర ఉంటే, కొత్తగా చేరిన చిన్న మందు కూడా వాళ్లని గీత దాటించగలదు.

ఇంకో సంగతి. పుట్టుకతోనే ఆ సీవైపీ2సీ19 ఎంజైము సరిగా పనిచేయని మనుషులు ఉంటారు. ఆసియా ఖండం వాళ్లలో ఇలాంటివాళ్లు నూటికి 15 నుంచి 20 మంది. వాళ్ల శరీరంలో ఒమెప్రజోల్ మామూలు కంటే చాలా ఎక్కువ నిలుస్తుంది. ఒకే మాత్ర ఒకరికి ఏమీ చేయకపోవడానికి, ఇంకొకరికి తేడా చేయడానికి ఇదొక కారణం.

నాన్నగారి పాత లెవెల్ రిపోర్టు ఏమైనా ఉంటే వెతకండి. ఆయన వాడుతున్న మాత్రలన్నీ, అంటే పిప్పరమెంటు లాంటి గ్యాస్ బిళ్లలూ, సిరప్‌లూ, విటమిన్లతో సహా, ఒక సంచీలో వేసుకుని డాక్టర్ దగ్గరికి పట్టుకెళ్లండి. చీటీ కాదు, మాత్రలే పట్టుకెళ్లండి.

నీలికలువ | సోమవారం, రాత్రి 11:20

డాక్టర్ గారు ఫోన్ ఎత్తారు. ఈ రాత్రి ఫెనిటోయిన్ వేయొద్దన్నారు, పొద్దున్నే ఏమీ వేయకుండా రక్త పరీక్షకి తీసుకురమ్మన్నారు. మందుల సంచీ సర్దుతున్నాను. మీ అందరికీ చేతులెత్తి దండం.

గట్టుమీద | సోమవారం, రాత్రి 11:26

నా మాట వెనక్కి తీసుకుంటున్నాను మందులమాటలు గారూ. బాబాయికి కూడా ఆపింది డాక్టరే, నేను ఆ భాగం మర్చిపోయి రాశాను. నీలికలువ గారూ, ధైర్యంగా ఉండండి.

వెన్నెలవాన | మంగళవారం, ఉదయం 7:12

మా పాప సంగతి కూడా చెప్తాను, ఇంకో తల్లికి పనికొస్తుందేమో. పాపకి తొమ్మిదేళ్లు. క్లోబజామ్ వేస్తాం. తిన్నది పైకి ఎగదన్నుతోందని పిల్లల డాక్టర్ ఒమెప్రజోల్ ఇచ్చారు. మూడు వారాల తర్వాత టీచర్ ఫోన్ చేసి, పాప రెండో పీరియడ్‌కే బల్ల మీద తల పెట్టి పడుకుంటోంది, నోట్లోంచి చొంగ కారి పుస్తకం తడిసిపోతోంది అన్నారు. నేను చదువంటే బద్ధకిస్తోందేమో అని రెండు రోజులు కోప్పడ్డాను కూడా. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

న్యూరాలజిస్ట్ చెప్పిందాకా నాకు తెలియదు. క్లోబజామ్ శరీరంలోకి వెళ్లాక ఇంకో పదార్థంగా మారుతుందట, అది కూడా మందులాగే పనిచేస్తుందట. దాన్ని బయటికి పంపేది కూడా ఆ సీవైపీ2సీ19 అనే ఎంజైమే. ఒమెప్రజోల్ దానికి అడ్డం పడితే ఆ పదార్థం పేరుకుపోతుంది. గ్యాస్ మాత్ర మార్చిన వెంటనే పాప తేరుకోలేదు, రెండు వారాల పైనే పట్టింది.

మందులమాటలు | మంగళవారం, ఉదయం 7:45

సరిగ్గా చెప్పారు వెన్నెలవాన గారూ. ఆ పదార్థం పేరు నార్‌క్లోబజామ్. ఒమెప్రజోల్ 40 మిల్లీగ్రాములతో కలిపి ఇచ్చినప్పుడు శరీరంలో దాని మోతాదు 36 శాతం పెరిగినట్టు నమోదైంది. అది సగానికి తగ్గడానికే దాదాపు మూడు రోజులు పడుతుంది, అందుకే పేరుకోవడమూ మెల్లగానే, దిగడమూ మెల్లగానే. గ్యాస్ మాత్ర మొదలైన మర్నాడే తేడా రాకపోవడంతో ఎవరికీ దాని మీద అనుమానం రాదు. పాపని కోప్పడ్డానని బాధపడకండి, చాలామంది డాక్టర్లకే వెంటనే తట్టదు.

డయాజెపామ్ సంగతీ ఇంతే. ఫిట్స్ ఆగకపోతే వాడమని కొందరి ఇళ్లలో ఇచ్చి ఉంచుతారు. ఒమెప్రజోల్ వాడుతున్నవాళ్లలో అది బయటికి పోయే వేగం బాగా తగ్గవచ్చు. అంటే మత్తు ఎక్కువసేపు ఉంటుంది. అవసరమైనప్పుడు వాడొద్దని కాదు, వాడిన తర్వాత ఊపిరి, స్పృహ ఇంకాస్త ఎక్కువసేపు కనిపెట్టి ఉండాలని.

మాత్రలడబ్బా | మంగళవారం, ఉదయం 8:30

నాది పూర్తిగా తలకిందుల కథ. నాకు మందు ఎక్కువ కాలేదు, తక్కువైంది.

నేనూ ఫెనిటోయినే. రాత్రి మాత్ర వేసుకోగానే కడుపులో మంటగా ఉండేది. అందుకని మాత్ర మింగి, ఆ వెంటనే రెండు మూతలు గులాబీ రంగు యాంటాసిడ్ సిరప్ తాగి పడుకునేవాణ్ని. అదేమీ మందు కాదు కదా, కడుపు చల్లబడటానికే కదా అనుకున్నాను. డాక్టర్‌కి చెప్పాలని కూడా తోచలేదు. నాలుగేళ్ల తర్వాత మళ్లీ ఫిట్స్ వచ్చింది, అదీ రోడ్డు దాటుతుండగా. గడ్డం మీద ఏడు కుట్లు పడ్డాయి. పరీక్ష చేస్తే లెవెల్ 6. "మాత్రలు మానేశావా" అని అడిగారు. ఒక్క రోజు కూడా మానలేదు సార్ అంటే ఎవరూ నమ్మలేదు. మా ఆవిడ సిరప్ సీసా తీసి చూపించాక గానీ విషయం బయటపడలేదు.

ఆ సిరప్‌లో ఉండే అల్యూమినియం, మెగ్నీషియం లాంటివి ఫెనిటోయిన్‌ని కడుపులోనే పట్టుకుని రక్తంలోకి పోనివ్వకపోవచ్చని చెప్పారు. ఇప్పుడు రెండింటికీ మధ్య కనీసం రెండు మూడు గంటలు ఎడం పెడుతున్నాను. లెవెల్ సరిగ్గా ఉంది, డోసు కూడా పెంచాల్సిన పని రాలేదు.

మందులమాటలు | మంగళవారం, ఉదయం 9:10

మీరు ఇది రాయడం చాలా మంచిదైంది. గ్యాస్ మందు అనే ఒకే మాట కింద మూడు నాలుగు వేరు వేరు రకాలు ఉన్నాయి, ఒక్కోటి ఒక్కోలా తేడా చేస్తుంది.

సిరప్‌లు, నమిలే బిళ్లలు కడుపులో ఉన్న యాసిడ్‌ని అక్కడికక్కడ చల్లారుస్తాయి. వీటి గొడవ కడుపులోనే, కాలేయం దాకా పోదు. కాబట్టి ఎడం పెడితే చాలావరకు తీరిపోతుంది. అల్సర్‌కి ఇచ్చే సుక్రల్‌ఫేట్ కూడా ఫెనిటోయిన్‌ని పట్టుకుంటుంది, దానికీ రెండు గంటల ఎడం కావాలి. కొన్ని బిళ్లల్లో ఉండే కాల్షియం ఎంత పని చేయగలదో చెప్పడానికి ఒక పాత ఉదంతం ఉంది. 1968లో ఆస్ట్రేలియాలో ఫెనిటోయిన్ క్యాప్సూల్‌లో మందుతో పాటు నింపే పొడిని మార్చారు. అంతకుముందు కాల్షియం సల్ఫేట్ ఉండేది, దాని బదులు లాక్టోజ్ వాడారు. మందు డోసు అదే. కానీ కాల్షియం అడ్డు తొలగిపోవడంతో మందు ఎక్కువగా రక్తంలోకి చేరి, రోగులు వరసగా తూలుతూ ఆసుపత్రులకి వచ్చారు. ఇప్పటికీ మేం చదువుకునేటప్పుడు ఈ ఉదంతం చెప్తారు.

ఒమెప్రజోల్ లాంటివి వేరు. ఇవి యాసిడ్ తయారవడాన్నే ఆపుతాయి, రక్తంలోకి వెళ్లి కాలేయం దాకా చేరతాయి. పొద్దున ఒకటి రాత్రి ఒకటి వేసుకున్నా ఎంజైము మీద ప్రభావం తప్పదు. ఎడం పెట్టాం కదా అన్న ధీమా ఇక్కడ పనికిరాదు. ఈ కుటుంబంలో పాంటోప్రజోల్, ర్యాబెప్రజోల్ ఆ ఎంజైముని తక్కువగా అడ్డుకుంటాయి. అందుకే ఫిట్స్ మందు వాడేవాళ్లకి చాలామంది డాక్టర్లు వాటి వైపు మొగ్గుతారు.

మూడోది ఫామోటిడిన్ రకం. ఫామోటిడిన్ ఎంజైముల జోలికి పెద్దగా పోదు. కానీ అదే కుటుంబంలో అన్నిటికంటే పాతదైన సిమెటిడిన్ మాత్రం ఒకేసారి చాలా ఎంజైముల్ని అడ్డుకుంటుంది, ఫెనిటోయిన్‌ని బాగా పెంచుతుంది. కార్బమాజెపైన్‌ని కూడా మొదటి కొద్ది రోజులు పెంచుతుంది. ఫిట్స్ మందు వాడుతున్నవాళ్లు ఎవరి దగ్గరైనా అది ఉంటే డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి.

కొత్తచిగురు | మంగళవారం, ఉదయం 10:02

నేను లెవెటిరాసెటమ్ వాడుతున్నాను, పాంటోప్రజోల్ కూడా ఉంది. ఇదంతా చదివి టెన్షన్ వచ్చేసింది. నేనూ మార్చుకోవాలా?

మందులమాటలు | మంగళవారం, ఉదయం 10:20

మీ జంటలో ఈ గొడవ లేదండి. లెవెటిరాసెటమ్ ఈ కాలేయ ఎంజైముల మీద ఆధారపడదు, మూడింట రెండు వంతులు మూత్రంలో ఉన్నది ఉన్నట్టుగా పోతుంది. దేన్నీ మార్చకండి, దేన్నీ ఆపకండి. మీ న్యూరాలజిస్ట్‌కి పాంటోప్రజోల్ సంగతి తెలుసా అన్నది మాత్రం చూసుకోండి.

ఒడ్డుచేరిన | మంగళవారం, మధ్యాహ్నం 1:35

కొత్తచిగురు గారిని భయపెట్టాలని కాదు, ఏళ్ల తరబడి వాడేవాళ్ల కోసం ఒక మాట. మా అత్తయ్యది కూడా లెవెటిరాసెటమే, ఎంజైముల గొడవ లేదు. కానీ గ్యాస్ మాత్ర మూడేళ్లకు పైగా ఆపకుండా వాడింది. రెండు నెలలకని రాసిన మాత్ర అలా సాగిపోయింది, ఎవరూ ఆపమని చెప్పలేదు, మేమూ అడగలేదు. పోయిన ఏడాది రాత్రిళ్లు పిక్కలు పట్టేసేవి, వేళ్లు తిమ్మిరి, కంటి రెప్ప అదరడం. నీరసం అనుకున్నాం. ఒక తెల్లవారుజామున వెంట వెంటనే రెండుసార్లు ఫిట్స్ వచ్చింది.

ఆసుపత్రిలో మెగ్నీషియం చూస్తే 0.9. ఉండాల్సింది సుమారు 1.7 నుంచి 2.2. దాంతో పాటు కాల్షియం కూడా పడిపోయింది. ఒమెప్రజోల్ రకం మాత్రలు ఎక్కువ కాలం, ముఖ్యంగా ఏడాది దాటి వాడితే కొందరిలో మెగ్నీషియం పడిపోతుందని, దానివల్ల ఫిట్స్ కూడా రావచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2011లోనే హెచ్చరించిందట. మెగ్నీషియం ఎక్కించగానే లేచింది, ఇంటికి వచ్చాక మళ్లీ పడిపోయింది. గ్యాస్ మాత్ర ఆపాక గానీ నిలవలేదు. ఫిట్స్ మందు డోసు పెంచుదామని మేము ముందు అడిగాం. అలా పెంచి ఊరుకుని ఉంటే అసలు కారణం అలాగే ఉండిపోయేది.

తోడునీడ | మంగళవారం, మధ్యాహ్నం 2:10

ఎముకల సంగతి కూడా ఎవరో ఒకరు చెప్పాలి. ఫెనిటోయిన్, కార్బమాజెపైన్, ఫీనోబార్బిటాల్ ఏళ్ల తరబడి వాడితే విటమిన్ డీ తగ్గి ఎముకలు గుల్లబారవచ్చు. గ్యాస్ మాత్రలు ఎక్కువ కాలం వాడినా ఎముక విరిగే ముప్పు కొంత పెరుగుతుందని హెచ్చరిక ఉంది. రెండూ వాడే పెద్దవాళ్లు, దానికితోడు తూలు. మా అమ్మకి తుంటి ఎముక విరిగాకే ఇవన్నీ తెలుసుకున్నాను. ముందే తెలిస్తే విటమిన్ డీ పరీక్ష చేయించేవాళ్లం.

నిదానం | మంగళవారం, సాయంత్రం 5:48

అసలు కడుపులో ఆ బాధ గ్యాసేనా అన్నది కూడా చూడాలి. నా అనుభవం చెప్తాను.

నాకు కడుపులోంచి ఏదో పైకి ఎగదన్నినట్టు ఉండేది. లిఫ్ట్ ఒక్కసారిగా కిందికి దిగినప్పుడు కడుపులో ఖాళీ అయినట్టుంటుందే, అలాంటిది, కానీ కింది నుంచి గొంతు దాకా పాకేది. అర నిమిషం, మహా అయితే నిమిషం. నోట్లో ఏదో చెడ్డ రుచి. కారణం లేకుండా భయం. ఆ తర్వాత మామూలే. ఏడాదిన్నర పాటు దానికి గ్యాస్ మాత్రలు వాడాను, ఒకటి పనిచేయలేదని ఇంకోటి. భోజనంతో సంబంధం లేకుండా వచ్చేది, ఎప్పుడూ ఒకేలా వచ్చేది. ఒకసారి అది వచ్చినప్పుడు మా చెల్లి ఎదురుగా ఉంది. "అన్నయ్యా, నువ్వు నన్ను చూడట్లేదు, పిలిస్తే పలకట్లేదు, పెదాలు చప్పరిస్తున్నావు" అంది. నాకైతే ఆ సంగతి గుర్తే లేదు.

అది గ్యాస్ కాదు. మెదడులో కణత వైపు భాగంలో పుట్టే చిన్న ఫిట్స్. వాటికి ముందు కడుపులోంచి ఎగదన్నడం చాలా సాధారణమని న్యూరాలజిస్ట్ చెప్పారు. మాత్ర సరిపడా డోసులో పడ్డాక ఆ "గ్యాస్" పూర్తిగా పోయింది. మంట, పులుపు, తిన్న తర్వాత పెరగడం, పడుకుంటే ఎక్కువవడం లాంటివి ఏమీ లేకుండా, ప్రతిసారీ అచ్చు ఒకేలా వచ్చి పోతుంటే, గ్యాస్ మాత్ర కొనేముందు ఎదురుగా ఉన్నవాళ్లని మిమ్మల్ని గమనించమనండి. వీలైతే ఫోన్‌లో వీడియో తీయమనండి. డాక్టర్‌కి అది అన్ని మాటల కంటే ఎక్కువ చెప్తుంది.

వెన్నెలవాన | మంగళవారం, సాయంత్రం 6:05

నిదానం అన్నయ్యా, ఇది చదివి ఒళ్లు జలదరించింది. పాపకి ఎగదన్నుతోందని మేం అనుకున్నది కూడా ఒకసారి ఈ కోణంలో అడగాలి. వచ్చే వారం చూపించాల్సి ఉంది, అడిగి ఇక్కడ రాస్తాను.

నీలికలువ | మంగళవారం, రాత్రి 8:50

ఇప్పుడే ఇంటికి వచ్చాం. నాన్న పడుకున్నారు. ముందుగా తలకి స్కాన్ తీశారు, మెదడులో రక్తం గడ్డ లాంటిదేమీ లేదు. ఆ మాట వినేదాకా నా గుండె గొంతులోనే ఉంది.

లెవెల్ 24 వచ్చింది. 20 దాటింది గానీ మరీ అంత ఎక్కువ కాదేమో అనుకున్నాను. డాక్టర్ గారు ఇంకో కాగితం తీసి ఆల్బుమిన్ (రక్తంలో ఉండే ఒక ప్రోటీన్) 3.2 ఉందని చూపించారు, కొంచెం తక్కువట. ఫెనిటోయిన్‌లో నూటికి తొంభై పాళ్లు ఈ ఆల్బుమిన్‌కి అతుక్కుని ఉంటుందట, అతుక్కోకుండా మిగిలిందే మెదడు మీద పనిచేస్తుందట. ఆల్బుమిన్ తక్కువైతే మిగిలే భాగం పెరుగుతుంది. ఆ లెక్క వేస్తే నాన్నది 32తో సమానం అన్నారు. పోయిన ఏడాది రిపోర్టు బీరువాలో దొరికింది, అప్పుడు 17. ముందే పై గీతకి దగ్గరగా ఉన్నారన్నమాట.

మందులమాటలు గారూ, మాత్రలే పట్టుకెళ్లమన్నారు చూడండి, దానివల్లే అసలు సంగతి తెలిసింది. సంచీ బల్ల మీద బోర్లించి ఒక్కో స్ట్రిప్ వెనక సన్న అక్షరాలు చదువుతుంటే, డాక్టర్ గారు రెండు స్ట్రిప్‌లు పక్కకి తీసి పెట్టారు. ఒకటి మేం చెప్పిన ఒమెప్రజోల్. రెండోది మూడు వారాల క్రితం మోకాళ్ల నొప్పికి చూపించుకున్నప్పుడు, నొప్పి మాత్రలు కడుపుని కొరకకుండా ఉండటానికని ఇచ్చింది. పేరు వేరు, రంగు వేరు, కంపెనీ వేరు. చూస్తే ఎసోమెప్రజోల్. ఒకటి పరగడుపున, ఒకటి రాత్రి భోజనానికి ముందు, రెండూ క్రమం తప్పకుండా వేసింది నేనే. నొప్పి డాక్టర్‌కి ఫిట్స్ మందు గురించి మేం చెప్పలేదు, వాళ్లూ అడగలేదు.

ఇప్పుడు గ్యాస్ మాత్రలు రెండూ ఆపించారు, నొప్పి మాత్ర కూడా. మరీ మంటగా ఉంటే ఫామోటిడిన్ వేయమన్నారు. ఫెనిటోయిన్ ఇంకొక్క రాత్రి ఆపి, తర్వాత పాత డోసే. ఇది మా నాన్న లెవెల్ చూసి ఆయనకి చెప్పింది, ఎవరూ ఇది చూసి ఇలా చేయకండి.

మందులమాటలు | మంగళవారం, రాత్రి 9:15

హమ్మయ్య. ఒక్క విషయం అడగడం మర్చిపోకండి. మళ్లీ లెవెల్ ఎప్పుడు చూడాలన్నారు? అడ్డం పడిన మాత్ర ఆగిపోయింది కాబట్టి ఎంజైము మళ్లీ పుంజుకుంటుంది, లెవెల్ కిందికి దిగుతుంది. ఈ దిగే దారిలో మరీ తగ్గిపోయి ఫిట్స్ వచ్చినవాళ్లని చూశాను. గ్యాస్ మాత్ర మొదలుపెట్టినప్పుడు ఎంత జాగ్రత్త కావాలో ఆపినప్పుడూ అంతే కావాలి. ఇంకోటి, ఎక్కువ రోజులు వాడి ఆపితే కొన్నాళ్లు యాసిడ్ ముందు కంటే ఎక్కువగా ఊరుతుంది. మంట తిరగబెట్టిందని కంగారుపడి పాత స్ట్రిప్ తీయకండి.

నీలికలువ | మంగళవారం, రాత్రి 9:22

రెండు వారాలకి రమ్మన్నారు. పాత స్ట్రిప్‌లు రెండూ అక్కడే ఇచ్చేసి వచ్చాను.

చిరుజల్లు | శుక్రవారం, ఉదయం 11:40

నాకు గాబాపెంటిన్ ఉంది. మధ్యాహ్నం డోసుతో పాటు నమిలే యాంటాసిడ్ బిళ్ల వేసుకుంటాను. ఇందులో కూడా ఎడం కావాలా?

మందులమాటలు | శుక్రవారం, మధ్యాహ్నం 12:05

కావాలి. అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న యాంటాసిడ్‌తో కలిస్తే గాబాపెంటిన్ సుమారు 20 శాతం తక్కువగా రక్తంలోకి చేరుతుంది. యాంటాసిడ్ వేసుకున్న రెండు గంటల తర్వాతే గాబాపెంటిన్ వేసుకోండి. రోజూ బిళ్ల అవసరపడుతోందంటే కడుపు సంగతి కూడా ఒకసారి డాక్టర్‌కి చూపించుకోండి.

నీలికలువ | రెండు వారాల తర్వాత, బుధవారం, సాయంత్రం 6:30

నిన్న లెవెల్ 15.5 వచ్చింది. ఇదే డోసు కొనసాగించమన్నారు, నెల తర్వాత ఇంకోసారి చూస్తామన్నారు. ఆల్బుమిన్ ఎందుకు తగ్గిందో చూడటానికి వేరే పరీక్షలు రాశారు, అవి రేపు. మంట మొదటి వారం కాస్త ఎక్కువగానే ఉంది, తల వైపు మంచం ఎత్తు పెంచాక, రాత్రి భోజనం ముందుకి జరిపాక తగ్గింది.

ఒక కాగితం మీద నాన్న మందుల పేర్లన్నీ రాసి, పైన పెద్ద అక్షరాలతో "ఫెనిటోయిన్ వాడుతున్నారు" అని రాసి ఆయన చొక్కా జేబులో పెట్టాను. ఇవాళ నడకకి వెళ్లేముందు ఆయనే జేబు తడుముకుని చూసుకున్నారు. ఆ తర్వాత నిలబడే గుండీలు పెట్టుకున్నారు, పైనుంచి కింది దాకా, నేను అక్కడే ఉండి లెక్కపెట్టాను, ఆరు.

వెన్నెలవాన గారూ, పాపని చూపించారా? ఏమన్నారు?

వెన్నెలవాన | బుధవారం, రాత్రి 8:15

చూపించాం నీలికలువ గారూ. వీడియో చూసి ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాల పరీక్ష) రాశారు, సోమవారం ఉంది. పాప ఇప్పుడు క్లాసులో పడుకోవడం లేదు.